గంగపై మూడు దినములు

పడవ ప్రయాణమనగనే మన తెలుగువారి మనస్సున మెదలునది గోదావరి. పట్టిసీమ తీర్థమునకు పోవు లాంచి, కోనసీమ కాలువలలో గెడవేసి నడుపు నాటుపడవ, పాపికొండల నడుమ నింపాదిగా సాగు నీరు, ఇవియే మనము ఎరిగిన జలయాత్రలు. ఆ పడవలలో ఎక్కినవాడు ప్రయాణికుడు, నడుపువాడు సరంగు. మొదటివానికి పని లేదు. రెండవవానికి తీరిక లేదు. ఇట్లు కాక, ఎక్కిన ప్రతివాడును తెడ్డు పట్టి తీరవలసిన ప్రయాణము మరియొకటి యున్నది. కొండలలో నురుగులు గ్రక్కుచు పరుగిడు నదిపై, గాలి నింపిన రబ్బరు తెప్పలో చేయు ప్రయాణమది. గడచిన ఫాల్గుణమాసమున మేము ఆరుగురము దేవప్రయాగ మొదలు ఋషీకేశము వరకు మూడు దినములు గంగపై అట్టి తెప్పలో వచ్చితిమి. అందు మేము చూచినదానిని, చేసిన పొరపాటును, నేర్చుకొన్న పాఠమును నేడు శ్రోతలకు మనవి చేయుచున్నాము.

ఆరుగురిలో ముగ్గురము రేడియో కేంద్రమున పనిచేయువారము. మైక్రోఫోను ముందు తప్ప మరెచ్చటను ధైర్యము చూపి యెరుగము. నాలుగవవారు వరంగల్లులో భూగోళశాస్త్రము బోధించు అధ్యాపకులు. ఐదవవారు ఆయన భార్య. ఆమెను మేమందరము వదినగారని పిలుచుచుంటిమి. ఆరవవారు రాజమహేంద్రవర వాస్తవ్యులు, నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి గైకొన్న పెద్దలు. అరువది యేండ్లు నిండినవి. బాల్యమున గోదావరిని లంక వరకు ఈదివచ్చినవారని వారి ఊర పేరు. వారు మాకందరకు బాబాయిగారు.

దేవప్రయాగ ఋషీకేశమునకు రోడ్డు మార్గమున సుమారు 70 కిలోమీటర్ల ఎగువన నున్నది. భాగీరథియు, అలకనందయు కలిసి గంగ యను పేరు దాల్చు స్థలమిది. మేము చూచిన దినమున రెండు నీళ్ళకును రంగు వేరు. కలిసిన పిమ్మటను కొంత దూరము ఒకదానినొకటి ఎరుగనట్లే ప్రక్కప్రక్కన నడచుచుండెను. భాగీరథిపై ఎగువన టెహ్రీ ఆనకట్ట యున్నది. 2006లో విద్యుదుత్పత్తి నారంభించిన ఆ ఆనకట్ట ఎత్తు 260 మీటర్లకు పైమాట. నది తెచ్చు బురదయు ఇసుకయు ఆ జలాశయమున అడుగున దిగిపోవుటచే, వెలుపలికి వచ్చు నీరు తేటపడి వచ్చునని బాబాయిగారు మాకు బోధించిరి. అలకనందపై శ్రీనగరు కడ మరియొక జలవిద్యుత్కేంద్ర మున్నది. ఈ కేంద్రములు నీరు విడుచు వేళలనుబట్టి నదిమట్టము ఒక్క దినములోనే మారుచుండును. ఉదయము తేలియున్న బండ సాయంకాలమునకు మునిగియుండవచ్చును. కావున మా మార్గదర్శి ప్రతి ప్రాతఃకాలమునను ఒడ్డున ఒక రాతిపై గుర్తుచూచి గాని తెప్పను నీటిలోనికి దింపలేదు.

మార్గదర్శి గఢ్వాలు ప్రాంతపు యువకుడు. ముప్పదియేండ్లు నిండియుండవు. మాట తక్కువ, చూపు ఎక్కువ. అతని తెప్పతోపాటు మరియొక యువకుడు ఒంటరి కయాకులో మాకు ముందుగా సాగుచుండెను. తెప్ప బోల్తాపడినను, మనిషి జారిపడినను చేరవచ్చుట కది యేర్పాటు. రబ్బరు తెప్పయందు గాలి యంతయు ఒక్క గదిలో నుండదు, వేర్వేరు గదులుండును. ఒకటి చినిగినను తక్కినవి తేల్చును.

మొదటి ఉదయమున ఇసుకతిన్నెపై అరగంటసేపు పాఠము జరిగెను. తెడ్డు పట్టు విధము, తెప్ప అంచున కూర్చుండి పాదమును ఎచ్చట నిలుపవలెను, ఆజ్ఞలకు అర్థమేమి, ఇవియన్నియు నేర్పెను. ఆజ్ఞలు నాలుగే. ‘ఫార్వర్డ్’ అన్నచో ముందుకు తెడ్డు వేయవలెను. ‘బ్యాక్’ అన్నచో వెనుకకు. ‘స్టాప్’ అన్నచో ఆపవలెను. ‘గెట్ డౌన్’ అన్నచో తెప్పలోనికి దిగి త్రాడు పట్టుకొనవలెను. నీట పడినవాడు ఈదరాదు, నిలువబడరాదు. వెల్లకిల పడుకొని, పాదములు దిగువకు పెట్టి, ముక్కు పైకెత్తి, వచ్చు సహాయమునకై చూడవలెను. నిలువబడబోయినచో పాదము రాళ్ళ సందున చిక్కుకొనును; వెనుకనుండి వచ్చు నీరు మనిషిని ముందుకు వంచి ముంచివేయును. లోతు తక్కువ నీటిలోనే ఈ అపాయము హెచ్చని అతడు మరి మరి చెప్పెను.

పిమ్మట ప్రతివారి లైఫ్ జాకెట్టు పట్టీలను తానే లాగి బిగించెను. బాబాయిగారి వంతు వచ్చినప్పుడు వారు కొంచెము చిన్నబుచ్చుకొనిరి.

“నాయనా, నీవు పుట్టకముందే నేను గోదావరి వరదలో ఈదినవాడను. ఊపిరి ఆడనట్లు బిగించుట యెందులకు?” అనిరి.

“బాబూజీ, మీకు గోదావరి తెలియును. ఈ గంగకు మీరు తెలియరు. పట్టీ బిగియనిదే నా తెప్ప కదలదు” అని ఆ యువకుడు చేతులు జోడించుచునే పట్టీని మరియొక వ్రేలెడు లాగెను.

అతడు అటు తిరుగగనే బాబాయిగారు ఆ వ్రేలెడును వదులు చేసికొనిరి. మేము చూచియు చూడనట్లుంటిమి. పెద్దలకు చెప్పగల వారెవరు?

మొదటి దినము నది మాపై దయచూపెను. ఎత్తైన కొండల నడుమ, మలుపు మలుపునకు క్రొత్త ఇసుకతిన్నె కనుపించెను. ఆ ఇసుకలోని అభ్రకపు రేణువులు ఎండలో వెండిపొడివలె మెరయుచుండెను. చిన్న చిన్న ఉరవళ్ళలో తెప్ప ఎగిరి దుమికినప్పుడెల్ల నీరు మా ముఖముల కొట్టుచుండెను. ఎండ కాయుచున్నను నీరు మంచు. చేయి పెట్టిన కొంతసేపటికే వ్రేళ్ళు కొంకర్లు పోయెను.

ఉరవడి ఎట్లు పుట్టునో అధ్యాపకులును మార్గదర్శియు కలసి మాకు చూపిరి. కొండవాగు నదిలో కలియుచోట, వర్షాకాలమున అది దొర్లించి తెచ్చిన బండలు నదిలోనికి చొచ్చుకొనివచ్చి దారిని ఇరుకు చేయును. వెనుక నీరు నిలిచి నిండును. ఇరుకున దూకుడు హెచ్చును. ఆ దూకుడు దిగువనున్న నెమ్మది నీటిని తాకినచోట అలలు నిలిచిపోవును. సముద్రపు అల నడచివచ్చును. ఇక్కడ నీరు నడచును, అల కదలదు. పైనుండి చూచినప్పుడు నీరు గరిటెమూతివలె ఇరుకై, కొన దిగువకు చూపుచున్నచో అది దారి. కొన ఎగువకు చూపుచున్నచో దాని క్రింద బండ యున్నదని గుర్తు. పెద్దబండపైనుండి దూకిన నీరు అడుగున తిరిగి వెనుకకే మరలుచున్నచో అది గుండము. అందు పడిన వస్తువును త్వరగా విడువదు. ఉరవళ్ళను ఒకటి మొదలు ఆరు వరకు తరగతులుగా విభజించియున్నారు. ఆరవ తరగతి జోలికి యాత్రికులను కొనిపోరు. ఈ నదిపై 1977లో, ఎవరెస్టు నధిరోహించిన సర్ ఎడ్మండ్ హిల్లరీ గంగాసాగరమునుండి జెట్ పడవలలో ఎదురెక్కి, ఈ ఉరవళ్ళనన్నిటిని దాటి నందప్రయాగ సమీపము వరకు పోయెను. అచ్చట ఒక జలపాతము ఆయనను ఆపెను.

రాత్రి బస కౌడియాలా సమీపమున. పూర్వము డేరాలు నీటి యంచున ఇసుకపైననే వేయుచుండిరి. 2015 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునలు కౌడియాలా మొదలు ఋషీకేశము వరకు తీరమున శిబిరములను నిలిపివేసి, తెప్పల ప్రయాణమును మాత్రము సాగనిచ్చెను. మా డేరాలు ఒడ్డునకు దూరముగా, మెట్టపై నుండెను. నదిలో సబ్బు వాడరాదు. చెత్త యంతయు సంచులలో కట్టి వెంట తీసికొనిపోవలెను. వంటవాడు పెట్టిన భోజనము చూచి వదినగారు నవ్విరి. మండువా రొట్టె యని అతడు పెట్టినది మన రాగిరొట్టెయే. బాబాయిగారు దానిని చోళ్ళనిరి, అధ్యాపకులు తైదలనిరి. గహత్ పప్పనునది ఉలవలు. ఝంగోరా పాయసమున నున్నవి మన ఊదలు. హిమాలయపు ఒడిలో మా అమ్మమ్మల వంటిల్లు దొరకినట్లయ్యెను.

రెండవ దినమున ఆట ముగిసి పరీక్ష వచ్చెను. కౌడియాలా దిగువన ‘వాల్’ అను ఉరవడి యున్నది. వాల్ అనగా గోడ. ఈ మార్గమున మిక్కిలి కఠినమైనదిగా దానికి పేరు. దానికి ఎగువన నెమ్మది నీటిలో తెప్పను కట్టి, మార్గదర్శి మమ్ములను బండలపైకి కొనిపోయి చూపెను. నది యంతయు ఒక ప్రక్కకు ఒరిగి, బండగోడను తాకి, ఎత్తైన అలగా విరిగి వెనుకకు మడతపడుచుండెను. ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడలేదు.

“అల మీదికి ముక్కు సూటిగా పోవలెను. ప్రక్కకు తిరిగినచో తిప్పివేయును. నేను చెప్పునంతవరకు తెడ్డు ఆపరాదు. రానివారు ఒడ్డున నడచి రావచ్చును, అందు సిగ్గు లేదు” అని అతడు చెప్పెను.

వదినగారు నడచివత్తుననిరి. మేము ఐదుగురము తెప్ప నెక్కితిమి. ఎడమవైపున మేము రేడియోవారము ముగ్గురము. కుడివైపున అధ్యాపకులును, బాబాయిగారును. తెప్ప నీటి నాలుకపైకి చేరువరకు అంతయు పాఠములో చెప్పినట్లే జరిగెను. ‘ఫార్వర్డ్’ అని కేక వినబడెను. ఎదుట ఒక నీటిగోడ లేచెను. ఆ గోడను చూచిన క్షణమున మేమేమి చేసితిమో ఆనాడు మాకు తెలియలేదు. తెప్ప ఎడమకు తిరిగెను. అల కుడిప్రక్కను ఎత్తి నిలిపెను. బాబాయిగారు మా తలలమీదుగా ఎగిరి అవతలనున్న నీటిలో పడిరి.

తెప్ప బోల్తాపడలేదు, ఎట్లో గోడను దాటెను. కాని ఆరు తలలుండవలసినచోట ఐదే యుండెను. నీటిలో ఎఱ్ఱని శిరస్త్రాణము కనుపించెను, మునిగెను, మరల కనుపించెను. బాబాయిగారు ఒడ్డువైపునకు బారలు చాచి ఈదుచుండిరి. అది గోదావరి నేర్పిన అలవాటు. వేసిన ప్రతి బారను గంగ చెరిపివేసి వారిని దిగువకే కొనిపోవుచుండెను. జాకెట్టు వదులై భుజములు దాటి చెవులవరకు ఎగదన్నినది. మార్గదర్శి ఈలవేసి, చేతులు పైకెత్తి, పాదములు ముందుకు పెట్టుమని సైగచేసెను. ఆ సైగ వారు చూచిరో, పాఠమే గుర్తువచ్చినదో, ఈత మాని వెల్లకిల తిరిగి పాదములు దిగువకు చాపిరి. కయాకు యువకుడు వారిని చేరెను. వారు దాని తోకనున్న త్రాడు పట్టుకొనిరి. జరిగినదంతయు రెండు నిమిషములు మించియుండదు. ఆ రెండు నిమిషములలో మాలో ఒక్కరి నోటను మాట రాలేదు.

ఒడ్డున వారిని కూర్చుండబెట్టి కంబళి కప్పి, వేడి టీ ఇచ్చితిమి. పెదవులు నీలము తిరిగియుండెను. మార్గదర్శి నెత్తిని, మెడను, చేతులను తడిమి చూచెను. పేరు, ఊరు, వారము అడిగెను. అన్నియు సరిగా చెప్పిన పిమ్మట జాకెట్టు పట్టీ చూచెను. ఎవరిని ఏమియు అనలేదు. తానే మరల బిగించెను. ఈసారి బాబాయిగారు చేతులు రెండును పైకెత్తి నిలువబడిరి.

ఆ రాత్రి మంట చుట్టును కూర్చున్నప్పుడు మేము నీటి ఉధృతమును, అల ఎత్తును గూర్చి చాల మాటలాడితిమి. ప్రసారకులము గదా, వర్ణనకు కొదువ లేదు. వదినగారు కొంతసేపు విని, నెమ్మదిగా ఇట్లనిరి: “నేను పైనుండి చూచుచుంటిని. అల రాకముందే మీ ముగ్గురి తెడ్లు నీటిలో లేవు. త్రాడు పట్టుకొని వంగియుంటిరి. కుడివైపున మాత్రమే తెడ్లు పడుచుండెను. అందుచేతనే తెప్ప తిరిగినది.”

మేము మాటాడలేదు. అది నిజమని మా చేతులకు తెలియును. భయము వేసినప్పుడు మనిషి చేయి దగ్గరనున్నదానిని పట్టుకొనును. తెడ్డు విడిచి త్రాడు పట్టుకొన్న మేము తెప్పలో నిలిచితిమి. తెడ్డు విడువని పెద్దలు నీటిలో పడిరి. లేచి బాబాయిగారి కడకు పోయి క్షమింపుమని వేడుకొంటిమి. మార్గదర్శిని పిలిచి అతనికిని చెప్పితిమి.

“నాకు అప్పుడే తెలియును, సాహెబ్. మొదటిసారి చాలమంది అట్లే చేయుదురు. అందుకే ముందు ఇసుకలో అన్నిసార్లు చెప్పించినది. బుద్ధి మరచినను చేయి మరువకుండవలెనని” అని అతడు మంటలో కట్టె సవరించెను.

అప్పుడు బాబాయిగారు నోరు విప్పిరి. “మీ తప్పు మీరు చెప్పితిరి. నా తప్పును వినుడు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు కడ గోదావరిలో పడవ మునిగినది మీకు తెలిసినదే. సుమారు 50 ప్రాణములు పోయినవి. అక్టోబరు 22న ఆ పడవను బయటికి తీయువరకు నేను దేవీపట్నము వైపు పలుమారులు పోయి ఒడ్డున నిలిచితిని. జాకెట్లను గూర్చి, పడవలవారిని గూర్చి, అధికారులను గూర్చి అక్కడ అందరితోపాటు నేనును ఎన్నో మాటలంటిని. నిన్న ఈ పిల్లవాడు పట్టీ బిగించినప్పుడు నాకు కోపము వచ్చినది. అతని కన్నుగప్పి వదులు చేసితిని. నీటిలో పడిన తరువాత ఆ జాకెట్టు నన్ను తేల్చుటకు మారుగా మెడనుండి ఊడిపోవ జూచినప్పుడు, కచ్చులూరే నా కన్నులకు కట్టినది.” ఆ తరువాత చాలసేపు నది చప్పుడు తప్ప మరేమియు వినబడలేదు.

మూడవ దినమున దారి వశిష్ఠ గుహను దాటి, శివపురి మీదుగా సాగెను. తెల్లని టోపీ పెట్టినట్లున్న చిన్నపిట్ట యొకటి నీటిబండపై తోక ఆడించుచు మమ్ములను చూచి ఎగిరిపోయెను. అధ్యాపకులు దాని పేరు చెప్పి వ్రాసికొనిరి. మేము మాత్రము తెడ్డు లెక్క తప్పునేమోయని వినలేదు. శివపురి దిగువన ‘రోలర్ కోస్టర్’, ‘గోల్ఫ్ కోర్స్’ అను ఉరవళ్ళు వచ్చినవి. ఈసారి వదినగారు ముందుభాగమున ఎడమవైపు కూర్చుండి, ‘ఒకటి, రెండు’ అని తెలుగున లెక్కపెట్టసాగిరి. ఆ లెక్కకు ఆరు తెడ్లును ఒక్కటిగా పడినవి. ఎదుట అల లేచెను. కన్నులు మూసికొంటిమి గాని తెడ్డు మూయలేదు. తెప్ప ముక్కు సూటిగా అలనెక్కి దిగెను. మార్గదర్శి వెనుకనుండి మొదటిసారి నవ్వెను.

సాయంకాలమునకు ఋషీకేశము చేరితిమి. ఒడ్డున తెప్ప గాలి తీసి, జాకెట్లను లెక్కపెట్టి అప్పగించితిమి. బాబాయిగారి జాకెట్టు పట్టీలు తడికి బిగిసి ఎంతకును విడివడలేదు. మార్గదర్శి మోకాళ్ళపై కూర్చుండి వాటిని విప్పుచుండగా వారు అతని తలపై చేయి వేసి, “కొంచెము నెమ్మదిగా విప్పు నాయనా, తొందర లేదు” అనిరి.

ఈ ప్రయాణము సెప్టెంబరు చివరి దినములు మొదలు వేసవి వరకు సాగును. వర్షాకాలమున నది పొంగునప్పుడు నిలిపివేయుదురు. పోదలచిన శ్రోతలకు మా మనవి యొక్కటే. ఎక్కకముందు పాఠము చెప్పుదురా, రక్షణకై వేరొక కయాకు వెంట వచ్చునా, మార్గదర్శి పట్టీలను తానే బిగించునా, నీటిమట్టము చూచునా, ఈ నాలుగు ప్రశ్నలును అడుగుడు. గంగ కానిండు, గోదావరి కానిండు, పట్టీ బిగించమన్నవానిపై కోపపడకుడు. ఇంటిలో పెద్దలు దానిని వదులు చేసికొనుట కనిపించినచో, మావలె చూచియు చూడనట్లు ఊరకుండకుడు.